పదిహేడో గిన్నె

పురుషోత్తంగారి హాల్లో కిటికీకి ఆనుకుని ఒక పాత కంప్యూటరు ఉంది. దాని తెర మీద ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక కాలేయం పనిచేస్తోంది.

కాలేయం అంటే బొమ్మ కాదు, ఒక ఆకుపచ్చ గీత. తిన్నప్పుడు చక్కెరను దాచుకోవడం, తిననప్పుడు దాన్ని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదలడం, ఇంతే దాని పని. పొద్దున్న లేవగానే ఆయన మొదట చూసేది ఆ గీతనే. ఆరు రోజులు అది ఒకే వరసలో లేస్తూ పడుతూ సాగుతుంది. ఏడో రోజు మాత్రం కిందికి వంగుతుంది. "ఇవాళ నీరసంగా ఉన్నట్టుంది" అనుకుంటారు ఆయన. ఆ కాలేయం ఆయన భార్య భ్రమరాంబది. ఆమె పోయి ఆరేళ్లయింది.

ఆత్మ మీద, మరుజన్మ మీద ఆయనకు ఏనాడూ నమ్మకం లేదు. హేతువాద సభల్లో పాతికేళ్లు ఉపన్యాసాలిచ్చిన మనిషి. తెర మీద ఉన్నవి నాలుగు సమీకరణాలనీ, ఆ సమీకరణాల్లోని అంకెలు ఒకప్పుడు భార్య వేలినుంచి తీసిన రక్తపు చుక్కలనీ, అంతకు మించి అక్కడేమీ లేదనీ ఎవరికైనా ఓపికగా వివరించగలరు. వివరించి, కంప్యూటరును మాత్రం ఆపరు.

ఆ ఆదివారం ఉదయం హైమావతి వచ్చినప్పుడు కూడా ఆయన దాని ముందే కూర్చుని ఉన్నారు. బొడ్డేపల్లి హైమావతి ఒకప్పుడు ఆయన శిష్యురాలు. ఇప్పుడు విశాఖపట్నంలో ఆయన స్థాపించిన పరిశోధనశాలకే అధిపతి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో ఎదురు ప్రశ్నలతో ఆయన్ను వేధించిన పిల్ల. ఆ పూట మాత్రం కాఫీ తాగేదాకా ఏమీ అడగలేదు.

"బుధవారం లోపల తేలాలి మాస్టారూ" అని, వెంటనే సర్దుకుంది. "అదే, పన్నెండో తారీఖు లోపల."

ఆమె ఎందుకు సర్దుకుందో పరిశోధనశాలలో పనిచేసిన ప్రతి మనిషికీ తెలుసు. పురుషోత్తంగారు వారాల పేర్లు పలకరు, రాయరు. గ్రహాల పేర్లతో రోజుల్ని పిలవడం పంచాంగానికి దాసోహం అనడమేనని ఆయన వాదన. తారీఖు చెబుతారు, ప్రయోగం మొదలైతే ఒకటో రోజు, రెండో రోజు అని లెక్కపెడతారు. కుర్రకారు వెనకాల నవ్వుకునేవారు. ఆయనకు తెలుసు. ఆ నవ్వు కూడా ఆయనకు ఇష్టంగానే ఉండేది.

హైమ చెప్పిన విషయం ఇది. కాకినాడలో నూకరత్నం అనే ఆవిడ ఆరు నెలల గర్భిణి. చక్కెర వ్యాధి వల్ల ఇదివరకే రెండు కాన్పులు చేజారాయి. ఈసారి ఆమె నడుముకు ఇన్సులిన్ పంపు అమర్చారు. ఆ పంపు గుడ్డిగా మందు వదిలేది కాదు. నూకరత్నం శరీరానికి ఒక లెక్కల ప్రతిరూపాన్ని తయారుచేసి పంపుకు జతచేశారు. రాబోయే గంటలో ఒంట్లో ఏం జరుగుతుందో ప్రతిరూపం ముందుగా చెబుతుంది, పంపు దాన్నిబట్టి మందు ఇస్తుంది. నాలుగు నెలలు ముత్యంలా నడిచింది. గత నెలనుంచి మాత్రం ప్రతి బుధవారం ఆమె చక్కెర మూడు రెట్లు పెరుగుతోంది. గురువారానికి దిగిపోతోంది. కిందటి బుధవారం కడుపులో బిడ్డ గుండె గంటసేపు తడబడింది. సూదిమందుతో నెట్టుకొద్దామంటే ఆమె చక్కెర అసలే కుదురు లేనిది. ఆ పంపు తప్ప మరో ఆధారం లేదు.

"ఆవిడ ఒక్కతే కాదు మాస్టారూ. మొత్తం పదకొండు వేల పంపులు. పంపు పెట్టిన రోజునుంచి ఏడేసి రోజులకి ఒకసారి ఇదే తంతు. ఒక్కొక్కరికి ఒక్కో వారం."

పురుషోత్తంగారు తెరవైపు చూశారు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా లేస్తోంది.

*

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక శరీరానికి లెక్కల నమూనా రాయాలంటే ప్రతి శాస్త్రజ్ఞుడూ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. గుండె రాసినవాడు రక్తమూ రాసుకునేవాడు. మూత్రపిండం రాసినవాడు అదే రక్తాన్ని మళ్లీ రాసుకునేవాడు. ఒకరిది ఒకరికి అతికేది కాదు. ఈ గోడు పురుషోత్తంగారు ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడి వెళ్లబోసుకున్నారు. భ్రమరాంబ చారుకు పోపు వేస్తోంది.

"పులిహోరకో ఆవాలు, పప్పుకో ఆవాలు కొంటామా ఏమిటండీ?" అంది వెనక్కి తిరగకుండానే.

ఆయన అలాగే నిలబడిపోయారు. ఆమె చేతికింద పోపులపెట్టె. గుండ్రటి స్టీలు డబ్బా, అందులో చిన్న చిన్న గిన్నెలు. ఆవాల గిన్నె, జీలకర్ర గిన్నె, మెంతుల గిన్నె. దేనికదే, కానీ ఏ వంటకైనా అందులోవే. శరీరాన్ని కూడా అలా చిన్న చిన్న నమూనాలుగా విడగొట్టి, దేనిలోకి ఏమి వస్తుందో దేనిలోంచి ఏమి పోతుందో స్పష్టంగా రాసిపెడితే, కావలసినవి ఏరి కలుపుకుని ఏ మనిషినైనా కూర్చవచ్చు. ఆ ఆలోచనే తర్వాత దేశదేశాల వాళ్లూ వాడుకునే భాండాగారమైంది. బయట దానికి గంభీరమైన పేరేదో ఉంది. విశాఖపట్నంలో మాత్రం అది ఈనాటికీ పోపులపెట్టే. ఒక్కొక్క నమూనా ఒక్కొక్క గిన్నె.

పదిహేడో గిన్నె కాలేయం. దానికోసం ఎనభై నాలుగు రోజులపాటు రోజుకు ఐదుసార్లు రక్తం కావలసివచ్చింది. ముగ్గురు ముందుకొచ్చారు. భ్రమరాంబ, టీచరు ట్రెయినింగు కోసం వాళ్లింట్లో ఉంటున్న ఆమె చెల్లెలు విశాలాక్షి, పరిశోధనశాలలో పరికరాలు చూసుకునే కరీముల్లా. ఆ రోజులు తలచుకుంటే పురుషోత్తంగారికి ఇప్పటికీ ఇంగువ వాసన వస్తుంది. ఆయన సూది పట్టుకుని వంటింట్లోకి వెళ్లేవారు. ఆమె కుడిచేత్తో గరిటె తిప్పుతూనే ఎడమచేతి ఉంగరపువేలు చాచేది. "తొందరగా కానివ్వండి, మాడిపోతుంది" అనేది. నాలుగు వందల ఇరవైసార్లు ఆ వేలు చాచింది. ఒక్కసారీ మొహం చిట్లించలేదు.

ఆ అంకెల్లోంచే ఆయనకు పేరు తెచ్చిన విషయం బయటపడింది. ప్రతి ఏడో రోజూ కాలేయం చక్కెర వదలడం తగ్గిస్తోంది. శరీరంలో ఏడు రోజుల గడియారం ఒకటి ఉందన్నమాట. విశాలాక్షి కాలేయమూ అదే పాట పాడింది. కరీముల్లాది మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్కతీరుగా ఉంది. 'భోజన వేళల్లో క్రమం లేదు' అని రాసి ఆయన ఆ మూడో పట్టికను పక్కన పెట్టారు. ప్రపంచం దాన్ని 'ఆచంట లయ' అంది, ఆయన ఇంటిపేరుతో.

*

"మాకు రెండు దారులున్నాయండి" అంది హైమ. "ఈ ఏడు సుకన్య అని మా ల్యాబులో అమ్మాయి కొత్త గిన్నె ఒకటి చేసింది. అడ్రినల్ గ్రంథిది. రెండేళ్ల కష్టం. దాన్ని మీ పదిహేడో గిన్నె పక్కన పెట్టినప్పట్నుంచే గొడవ మొదలైంది. ఇంతకుముందు ఏడోరోజు తగ్గుదల చిన్నది, పంపు సర్దుకునేది. ఇప్పుడు కొత్త గ్రంథి ఆ తగ్గుదలను చూసి, మనిషి పస్తు ఉంది కాబోలు అనుకుని, ఇన్సులిన్ బాగా కోసేయమంటోంది. ఒంట్లో చూస్తే పస్తూ లేదు, ఏమీ లేదు."

ఆచంట లయ నిజమైతే తప్పు సుకన్యది. ఆమె గిన్నెను తీసేస్తారు. నిజం కాకపోతే తీయవలసింది పదిహేడో గిన్నెను. పొరపాటున మంచిదాన్ని తీసి చెడ్డదాన్ని ఉంచితే, వచ్చే బుధవారం ఇంతకంటే ఘోరంగా ఉండవచ్చు. అసలు పట్టికలు పురుషోత్తంగారి దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

"నా లయ మీద నీకు అనుమానమా?" అని అడిగారాయన.

"అనుమానించమని నేర్పింది మీరే కదండీ" అంది హైమ నేలచూపుతో.

ఆమె వెళ్లాక ఆయన కరీముల్లాకు ఫోను చేశారు. వృద్ధాప్యం ఆ మనిషి నోటిని ఏమీ చేయలేదు. తన లివరుకు వారాలు తెలియవని ముప్పై ఏళ్ల కిందటే మొత్తుకున్నాననీ, మూడుపూటలా వేళకు తినే మనిషిని పట్టుకుని క్రమం లేదని అచ్చువేయించినందుకు తన బేగం ఇప్పటికీ సారుమీద కోపంగా ఉందనీ చెప్పి, పెద్దగా నవ్వాడు. పురుషోత్తంగారికి నవ్వు రాలేదు.

సోమవారం ఇనపపెట్టె తెరిచారు. తన పట్టికల అడుగున భ్రమరాంబ రాసిన ఆహారం నోటుబుక్కు ఉంది. ఎప్పుడు ఏమి తిన్నదీ రాయడం ఆమె పని. గుండ్రటి అక్షరాలు, కొసన పసుపు మరకలు. ఆ రోజుల్లో ఆయన వీటిలోంచి అంకెలు మాత్రమే ఏరుకున్నారు. అన్నం ఇన్ని గరిటెలు, పప్పు ఇన్ని. ఈసారి కాగితం తర్వాత కాగితం కూర్చుని చదివారు. 'తిన్నవి: అన్నం, దోసకాయ పప్పు, చారు, మజ్జిగ.' 'తిన్నవి: అన్నం, వంకాయ కూర.' ఆరు పేజీలు అలా గడిచాయి. ఏడో పేజీలో, 'ఈరోజు వండినవి: అన్నం, పప్పు, అరటికాయ వేపుడు.'

ఆయన పద్నాలుగో పేజీ తిప్పారు. వండినవి. ఇరవై ఒకటో పేజీ. వండినవి. ఎనభై నాలుగు దాకా చూశారు. ఆమె అబద్ధం రాయలేదు. ఒక్కటీ రాయలేదు.

మొదటి పేజీ మీది తారీఖు తీసుకుని, తన జీవితంలో మొదటిసారి, గోడమీది క్యాలెండరు వెనక ఉండే కోష్ఠకంలో ఆ ఏటి వారాలు లెక్కకట్టుకున్నారు. ప్రయోగం మొదలైంది ఆదివారం.

అప్పట్లో వ్యాసాన్ని పరిశీలించిన వ్యక్తి ఒక ప్రశ్న పంపాడు, ఆహారంలో వారానికొకసారి మార్పేమైనా ఉంటుందా అని. పురుషోత్తంగారు రాసిన జవాబు ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: 'మా ఇంట్లో ఏ రోజుకూ మరో రోజుతో తేడా లేదు. ఉపవాసాలు పాటించే అలవాటు మాకు లేదు.' ఆ రెండు వాక్యాలూ రాసి, ఆ సాయంత్రం వాటిని భ్రమరాంబకు చదివి వినిపించారు కూడా.

*

మధ్యాహ్నం బస్సుకు అనకాపల్లి వెళ్లారు. విశాలాక్షి టీచరుగా ఈ మధ్యనే రిటైరైంది. చెప్పాపెట్టకుండా వచ్చిన బావగారిని చూసి కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందని తెలిశాక కుదుటపడి, బెల్లం టీ ఇచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి నేరుగా అడిగారు.

"విశాలా, మీ అక్క ఒక్కపొద్దులుండేదా?"

ఆమె కూడా పీట లాక్కుని కూర్చుంది. "ముప్పై ఏళ్లకి అడిగారా బావగారూ?"

"ఎందుకుండేది?"

"మీ పెళ్లయిన రెండో ఏడు మీకు పచ్చకామెర్లు రాలేదూ? ఒళ్లంతా పసుపుముద్దైపోయారు. లివరు పాడైంది, మా చేతుల్లో లేదన్నారు డాక్టరుగారు. అప్పుడు మొక్కుకుంది. మీరు లేచి తిరిగితే బతికినన్నాళ్లూ శనివారం ఒక్కపూటే తింటానని."

"నన్ను లేపింది మొక్కు కాదు. మూడు నెలల పథ్యం."

"కాదని ఎవరన్నారు? పథ్యం వండిందెవరు మరి?"

ఆయన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. తనతో ఆమె ఎందుకు చెప్పలేదని అడిగారు. విశాలాక్షి గొంతు తగ్గించింది.

"ఓ మీటింగులో పక్కింటావిడ ఉపవాసం మీద చమత్కారం ఆడారు గుర్తుందా? హాలంతా నవ్వారు. అక్క రెండో వరసలో కూర్చుంది. తనూ నవ్విందట. ఇంటికొచ్చాక నాకు చెప్పింది, 'నా సంగతి తెలిస్తే వచ్చే మీటింగులో చమత్కారం నా మీదే' అని."

ఇంట్లో ఇన్నేళ్లు దాగిందెలా అన్న ప్రశ్నకు ఆమె జాలిగా నవ్వింది. భోజనానికి కూర్చుంటే ఆయన కంచం పక్కన ఎప్పుడూ ఏదో పత్రిక ఉండేదనీ, ఎదుటివాళ్లు ఏమి తింటున్నారో చూసిన పాపాన పోలేదనీ అంది. మరి నీ సంగతేమిటని అడిగారాయన. తనకు మొక్కులేమీ లేవనీ, అక్క పస్తుంటే తనకు ముద్ద దిగేది కాదనీ, అందుకే ఆ మూడు నెలలూ తోడున్నాననీ చెప్పింది.

"మీ పేపరు అచ్చయ్యాక అక్కకి దిగులు పట్టుకుంది బావగారూ. ఇదంతా నా తిండివల్లేనేమో అని. ఆయన్నే అడిగి చూశాను, కాదన్నారే అంది. మీరంతటివారు కాదన్నాక మేమేం చెబుతాం?"

తిరుగు బస్సులో ఆయనకు ఆమె అలా అడిగిన సాయంత్రం జ్ఞాపకం వచ్చింది. బాల్కనీలో కూర్చున్నారు. దూరాన సముద్రం మీద ఓడ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. భ్రమరాంబ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఏడో రోజు తిండి తక్కువైనా అలాగే అవుతుందేమో కదండీ?" అంది. ఆయన మురిసిపోయి కాగితం, పెన్సిలు తెచ్చుకున్నారు. అది తిండివల్ల ఎందుకు కాదో అరగంటసేపు గీతలు గీసి బోధించారు. ఆమె చివరిదాకా విని, "అయితే సరే" అని చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లేచింది.

అన్నిటినీ శంకించిన మనిషి. ఎదురుగా కూర్చుని తన భార్య వేసిన శంకను మాత్రం వినలేకపోయారు.

*

మంగళవారం పరిశోధనశాలలో హైమ నోటుబుక్కు చూసింది. ఏడేసి పేజీలు తిప్పి పోల్చుకుంది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, ఒక మాట చెప్పింది. రెండు గిన్నెల్లో ఏదీ తప్పు కాదనీ, జతపరచడంలో లోపం జరిగిందనీ ప్రకటించవచ్చు. ఏడో రోజు అంకెను నిశ్శబ్దంగా సున్నా చేయవచ్చు. ఆచంట లయ పుస్తకాల్లో ఉన్నచోటే ఉంటుంది.

"సుకన్య రెండేళ్ల పనిమీద ఆ మచ్చ ఉంటుంది కదమ్మా" అన్నారు పురుషోత్తంగారు.

"తను ఏమీ అనుకోదండి. మీరంటే..."

"అనుకోవాలి. అనుకోకపోతే ఇక్కడ పనికిరాదు."

ఉత్తరం అక్కడే కూర్చుని రాశారు. ఆచంట లయ అనేది లేదనీ, అది ఇద్దరు స్త్రీల ఉపవాసమనీ, పరిశీలకుడి ప్రశ్నకు తాను విచారించకుండా జవాబిచ్చాననీ, పక్కన పెట్టిన మూడో పట్టికే సరైనదనీ. సుకన్య కంప్యూటరు ముందు కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. పదిహేడో గిన్నెలో ఆ అంకె ఒక వరసలో చివర ఉంది. దాన్ని మార్చడానికి ఒక్క మీట చాలు. ఆయన వేలు మీటమీద ఆగింది. ఆ ఒక్క వరస తప్ప, మిగతా గిన్నెలో ఉన్నది ఏ మనిషి కాలేయమైనా కావచ్చు. ఆమెది అని చెప్పదగ్గది అదొక్కటే.

కాకినాడలో అప్పటికి సాయంత్రం కావస్తోంది. నూకరత్నానికి రేపే ఏడో రోజు. ఆయన సున్నా కొట్టారు.

సుకన్య కుర్చీ పక్కనే నిలబడి ఉంది. "సార్, ఒక సందేహం. నిజంగానే ఒక్కపొద్దులుండేవాళ్ల మాటేమిటండి? మా అమ్మకీ పంపుంది. సోమవారాలు తినదు. డాక్టరు అడిగితే తిన్నానంటుంది."

పురుషోత్తంగారు కుర్చీ ఆమెవైపు తిప్పారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన కళ్లలో పాత మెరుపు కనిపించిందని హైమ తర్వాత అందరికీ చెప్పుకుంది. పన్నెండు ఉపవాసాలు, రోజుకు ఐదు చుక్కలు, ఏనాడు తిన్నదీ ఏనాడు వండి ఊరుకున్నదీ నిజాయితీగా రాసిన నోటుబుక్కు. వారానికొక్కసారి ఒంటిపూట తినే మనిషి కాలేయం మీద ఇంత శుభ్రమైన పట్టిక లోకంలో ఇంకోటి ఉంటుందా అని అడిగారాయన. చెత్తబుట్టకు పోవలసినదాన్ని విడిగా ఒక చిన్న గిన్నెలో పోస్తే చాలు. అవసరమున్నవాళ్లకు కలుపుతారు, లేనివాళ్లకు లేదు. రోగిని 'తిన్నావా' అని గద్దించడం మాని, 'ఏ రోజు తినవమ్మా' అని మెల్లగా అడిగితే సరి.

బుధవారం రాత్రి భోజనాల వేళకు హైమ ఫోను చేసింది. కాకినాడ ఆసుపత్రి వాళ్లు గంటగంటకూ చూశారట. చక్కెర కదల్లేదు. బిడ్డ గుండె గడియారంలా కొట్టుకుంటోంది. నూకరత్నం లేచి కూర్చుని, ఇవాళైనా నాకు కాస్త పెరుగన్నం పెడతారా లేదా అని నర్సులతో తగువు పడుతోందట.

*

కొత్త గిన్నె శనివారానికి సిద్ధమైంది. భాండాగారంలో దేన్ని చేర్చాలన్నా ఒక పత్రం నింపాలి. దాన్ని ఆయన చేతే నింపించాలని హైమ ఇంటికి పంపింది. పేరు అన్నచోట 'ఒక్కపొద్దు' అని రాశారు. ఆధారం అన్నచోట, ఇన్నేళ్లూ 'వాలంటీరు ఒకటి' అని ఉన్నదాన్ని కొట్టేసి, 'ఆచంట భ్రమరాంబ. ఆమె రక్తం, ఆమె నోటుబుక్కు' అని రాశారు. మొదటి పరిశీలన జరిగిన రోజు అన్న గడి దగ్గర అలవాటు కొద్దీ 'ఏడో రోజు' అని మొదలుపెట్టి, ఆగి, తుడిచేశారు. నలభై ఏళ్ల శాస్త్రీయ రచనలో ఎన్నడూ రాయని మాటను నెమ్మదిగా, ఒక్కో అక్షరమూ చూసుకుంటూ రాశారు.

శనివారం.

తర్వాత లేచి, అన్నం వడ్డించుకుని, కంచం తెచ్చుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెర మీద సరిచేసిన కాలేయం నాలుగు రోజులుగా ఒక్కతీరుగా నడుస్తోంది. దాని పక్కన చిన్న గిన్నెను చేర్చారు. ఆకుపచ్చ గీత కాస్త తటపటాయించినట్టు సాగి, మెల్లగా కిందికి వంగింది.

నీరసం కాదు, ఒక్కపొద్దు, అనుకున్నారు ఆయన. కంచం పక్కన పత్రిక లేదు.